పాత జాజ్ పాటలతో స్టేజి మ్యూజికల్ కట్టడం ఎలా

పాత జాజ్ పాటల పిచ్చి ఉండి, చుట్టూ పాడేవాళ్లు నలుగురూ వాయించేవాళ్లు ఇద్దరూ ఉంటే, "వీటన్నిటినీ కలిపి స్టేజి మీద ఒక షో చేస్తే ఎలా ఉంటుంది" అన్న మాట ఏదో ఒక రాత్రి ఎవరి నోటి నుంచైనా వచ్చి తీరుతుంది. మర్నాడు అందరూ చేసే పని కూడా ఒకటే. తలా పది ఇష్టమైన పాటలు రాసుకొచ్చి, వాటిని వరసలో పెట్టి, మధ్య ఖాళీల్లో ఒక ప్రేమకథ కుక్కుతారు. నేనూ మొదటిసారి అదే చేశాను. మా కథ ప్రేక్షకులకి గుర్తులేదు, పాటలేమో కథకి అడ్డం పడ్డాయి. ఎందుకలా అయిందో అర్థం కావడానికి నాకు ఇంకో రెండు షోలు పట్టింది కాబట్టి, మీకు ఆ టైము మిగిలేలా రాస్తున్నాను.

పాట ఎలా కట్టారో ముందు చూడండి

1920ల నుంచి 40ల దాకా వచ్చిన ఈ పాటల్లో చాలావాటిది ఒకటే కట్టడం. 32 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది, ఇక్కడ నాలుగు దెబ్బలు), ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు, ఎ-ఎ-బి-ఎ. ఒక ట్యూను, మళ్లీ అదే ట్యూను, తర్వాత బ్రిడ్జి అనే వేరే దారి, చివరికి మళ్లీ మొదటి ట్యూను. బ్లూస్ అయితే 12 బార్లు, అందులోనూ సాధారణంగా మొదటి లైను రెండుసార్లు వస్తుంది. కథ నడపడానికి రాసిన పాటలో పాత్ర ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది. జాజ్ పాట అలా ప్రయాణం చెయ్యదు, ఒకే పరిస్థితిలో కూర్చుని అదే మాట మళ్లీ మళ్లీ అంటుంది: నువ్వు లేవు, నిద్ర రావట్లేదు, జేబులో పైసా లేదు, అయినా పర్లేదు. అందుకే దాని నెత్తిన కథ పెడితే మొయ్యలేదు.

మరి నాటకం ఎక్కడుందంటే, మూడోసారి వచ్చే ఆ ఎ ముక్కలో ఉంది. మొదటిసారి పాత్ర ఆ లైను మనకి చెప్తుంది, రెండోసారి తనకి తానే నచ్చజెప్పుకుంటుంది, బ్రిడ్జిలో దాచుకున్నదేదో నోరు జారుతుంది, ఇక చివర్లో అదే ట్యూను తిరిగొచ్చేసరికి ఆ మాటకి ఇంకో అర్థం పట్టుకుని ఉంటుంది. మన సంగీతంలో ఒకే పల్లవి మీద సంగతులు వేసుకుంటూ పోతే మొదటి సంగతికీ చివరి సంగతికీ ఎంత దూరం ఉంటుందో చూడండి, ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ ట్యూనుతో పాటు పాడే పాత్ర మనసు కూడా మారాలి.

పని ఇక్కడ మొదలుపెట్టండి. ప్రతి పాటకీ ఒక చీటీ తీసుకుని రెండే వాక్యాలు రాయండి: మొదటి ఎలో ఈ మనిషికి ఏం తెలీదు, చివరి ఎకి ఏం తెలిసింది. రాయలేకపోతే ఆ పాట ఎంత గొప్పదైనా, మీకెంత ఇష్టమైనా, పక్కన పెట్టండి. 40 పాటలతో మొదలుపెడితే ఈ ఒక్క పరీక్షకే సగం రాలిపోతాయి. మిగిలినవాటిలోంచి రెండు అంకాల షోకి 20 దాకా సరిపోతాయి, విరామం లేని 90 నిమిషాల షోకి 14, 15 చాలు.

అసలు పాటకి ముందు వచ్చే "వర్స్" సంగతి కూడా చూడాలి. ఈ పాటల్లో చాలావాటిని మొదట నాటకాల కోసమే రాశారు, వాటిలో కథలు పోయి పాటలు మిగిలాయి. "ఆల్ ద థింగ్స్ యు ఆర్" 1939లో ఒక బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు) షో కోసం రాసింది, ఆ షో 59 ప్రదర్శనలకే మూతబడింది, పాటని మాత్రం జాజ్ వాళ్లు ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు. అలా నాటకం నుంచి వచ్చిన పాటలకి ముందు మాటకీ పాటకీ మధ్య మెట్టులాగా, లయ పెద్దగా బిగించకుండా మాట్లాడినట్టు పాడే ఒక ముక్క ఉండేది. తర్వాతి జాజ్ గాయకులు రికార్డుల్లో దాన్ని ఎక్కువగా వదిలేశారు కాబట్టి మీరు రికార్డు విని నేర్చుకుంటే అసలలాంటిది ఒకటుందని కూడా తెలీదు. పాత అచ్చు స్వరలిపి వెతికి పట్టుకోండి. డైలాగ్ నుంచి పాటలోకి ఎలా దిగాలా అని తల బద్దలు కొట్టుకునే చోట, ఆ దిగే మెట్టు పాటలోనే రాసిపెట్టి ఉంటుంది.

అయితే వర్స్ తీసేయడం కూడా నాటకమే, దీనికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1929లో "హాట్ చాక్లెట్స్" అనే షోలో "బ్లాక్ అండ్ బ్లూ" పాటని ఎడిత్ విల్సన్ పాడింది. ఫ్యాట్స్ వాలర్, హ్యారీ బ్రూక్స్ ట్యూను, ఆండీ రజాఫ్ మాటలు. అక్కడ అది నలుపు రంగు ఎక్కువైనందుకు మగవాళ్లు తనని కాదంటున్నారని ఒక స్త్రీ బాధపడే పాట. అదే ఏడాది ట్రంపెట్ వాయిస్తూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసినప్పుడు ఆ ముందు ముక్క వదిలేశాడు, దాంతో ఒక స్త్రీ గోడు కాస్తా ఒక జాతి మొత్తం అడిగే ప్రశ్న అయిపోయింది. మాటలు కొత్తవేమీ చేర్చలేదు. కాబట్టి ప్రతి పాటకీ వర్స్ ఉంచితే ఏమవుతుంది, తీస్తే ఏమవుతుంది అని రెండు రకాలుగా పాడించి చూడండి, ఈ పని బద్ధకించొద్దు.

ఏ రకం షో అన్నది తేల్చుకోండి

నా లెక్కలో దారులు నాలుగు. మొదటిది అసలు కథే లేని రెవ్యూ. 1978లో వచ్చిన "ఏంట్ మిస్‌బిహేవిన్" దీనికి మంచి పాఠం: ఫ్యాట్స్ వాలర్ పాటలు, ఐదుగురు మనుషులు, ఒక పియానో, చుట్టూ బ్యాండు. ఒక చిన్న క్యాబరే గదిలో మొదలై బ్రాడ్‌వేకి వెళ్లి ఆ ఏడాది ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు కొట్టింది. రెండోది కచేరీయే నాటకమైపోవడం, అంటే పాత్ర స్టేజి మీద పాడుతూ మధ్యలో మనతో మాట్లాడుతూ కళ్లముందే చెదిరిపోవడం. జాజ్ గాయని బిల్లీ హాలిడే చివరి రోజుల మీద వచ్చిన "లేడీ డే ఎట్ ఎమర్సన్స్ బార్ అండ్ గ్రిల్" అలాంటిది, 1959లో ఫిలడెల్ఫియాలో ఒక బారు, ఒక రాత్రి, అంతే. మూడోది జీవితకథ. 1992లో తొలితరం జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ మీద వచ్చిన "జెల్లీస్ లాస్ట్ జామ్"లో మోర్టన్ సంగీతానికి కొత్తగా మాటలు రాయించుకున్నారు, ఎందుకంటే ఆయన ట్యూన్లు చాలావరకు వాయించడానికి కట్టినవి. నాలుగోది సన్నటి కల్పిత కథ: "ఫైవ్ గైస్ నేమ్డ్ మో"లో ప్రేయసి వదిలేసిన ఒకడు తాగి కూర్చుంటే రేడియోలోంచి ఐదుగురు మోలు ఊడిపడి లూయీ జోర్డన్ పాటలతో వాడికి బుద్ధి చెప్తారు. కథంతా ఒక్క వాక్యం, అందుకే పాటలకి ఊపిరాడుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా మొదటిదో నాలుగోదో. జీవితకథ జోలికి పోవద్దు, పుట్టాడు, కష్టపడ్డాడు, తాగాడు, పోయాడు అని వరసగా చెప్తూ మధ్యలో పాటలు పాడితే అది స్కూలు వ్యాసంలా తయారవుతుంది.

మనుషుల సంఖ్య ఐదు అయితే బాగుంటుంది. నలుగురైతే రెండు జంటలై తలుపులు వేసేసుకుంటారు. ఐదుగురిలో ఎప్పుడూ ఒకరు మిగిలిపోతారు. ఆ మిగిలిన మనిషి పక్కనుంచి జంటని చూస్తూ నిలబడితే చాలు, ఎవరూ ఒక్క డైలాగ్ రాయకుండానే కథ పుడుతుంది, తర్వాతి పాటలో మిగిలే మనిషి మారితే ఆ కథ నడుస్తుంది కూడా. రెవ్యూలో కథ లేదంటారుగానీ నిజానికి ఎవరి పాటని ఎవరు వింటున్నారన్నదే అక్కడ కథ. కాబట్టి పాడని వాళ్లని పక్క తెరల వెనక్కి పంపెయ్యకుండా వీలైనన్ని పాటల్లో స్టేజి మీదే ఉంచండి.

హక్కుల పని ముందే చెయ్యండి

బోరు కొట్టే పనే, కానీ పోస్టర్ వేశాక గుర్తొస్తే టెన్షన్ మామూలుగా ఉండదు. అమెరికాలో ఆ కాలపు పాటలకి ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ల లెక్క, అందుకే 1929లో అచ్చయిన పాటలు 2025 జనవరి 1న అక్కడ అందరివీ అయ్యాయి. మిగతా దేశాల్లో చాలాచోట్ల రాసినవాళ్లు చనిపోయాక ఇన్నేళ్లు అని లెక్క, యూరప్‌లో అది 70. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. "ఏంట్ మిస్‌బిహేవిన్" పాట (షో కాదు, 1929 నాటి పాట) అమెరికాలో స్వేచ్ఛగా పాడుకోవచ్చు, కానీ వాలర్ 1943లో పోయినా మాటలు రాసిన రజాఫ్ 1973 దాకా బతికాడు కాబట్టి యూరప్‌లో 2043 చివరిదాకా ఆగాలి. ట్యూను కట్టినవాళ్లు, మాటలు రాసినవాళ్లు, ఇద్దరి తేదీలూ చూడండి, షో ఎక్కడ వేస్తున్నారో ఆ చోటి చట్టం చూడండి.

హక్కులున్న పాటలైతే ఇంకో మెలిక ఉంది. కచేరీలో పాట పాడుకోవడానికి ఆస్కాప్, బీఎంఐ లాంటి, పాటల ప్రదర్శన హక్కులు చూసే అమెరికా సంఘాల లైసెన్సు సరిపోతుంది. అదే పాటని పాత్ర నోట, కథలో భాగంగా పాడిస్తే అది నాటక ప్రదర్శన హక్కు, దాన్ని "గ్రాండ్ రైట్స్" అంటారు, దానికి పబ్లిషర్‌నే విడిగా అడగాలి. హాలు వాళ్లకి లైసెన్సు ఉందిగా అని ఊరుకుంటే మునిగిపోతారు. రికార్డింగ్ హక్కు వేరు, తర్వాతెవరో చేసిన అరేంజ్‌మెంట్ హక్కు వేరు, వీడియో తీసి నెట్లో పెట్టడానికి అనుమతి వేరు. ఇంత తలనొప్పి వద్దనుకుంటే మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల నుంచి రెడీగా ఉన్న షోకి లైసెన్సు తీసుకుని స్క్రిప్టూ స్వరలిపీ తెప్పించుకోవచ్చు, కాకపోతే అందులో ఒక్క పాట మార్చాలన్నా, ఒక్క లైను కత్తిరించాలన్నా మళ్లీ వాళ్లని అడగాలి.

వేగం, శ్రుతి, సోలోల లెక్క

పాటల చీటీలన్నీ గోడకి అంటించి ప్రతిదాని మీదా వేగం రాయండి, నిమిషానికి ఎన్ని దెబ్బలో. నెమ్మది పాట 60, 70 దగ్గర, మధ్యరకం స్వింగ్ 120 నుంచి 160, దూకుడు పాటలు 200 పైన. ఇప్పుడు దూరంగా నిలబడి గోడ వైపు చూడండి. మా మొదటి షోలో 130కి అటూఇటూగా ఆరు పాటలు వరసగా పడ్డాయి, ఒక్కోటీ విడిగా వింటే బంగారం, కలిపి వింటే లిఫ్టులో వచ్చే మ్యూజిక్కు. నెమ్మది పాటలు రెండు పక్కపక్కన పెట్టాలంటే దానికి గట్టి కారణం కావాలి. అందరికీ తెలిసిన పాటతో మొదలుపెట్టకండి, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు, దాన్ని వృథా చేసుకున్నట్టే. రెండో అంకం మొదట్లో బ్యాండుని ఒంటరిగా వాయించనివ్వండి, విరామం కబుర్లు ఆ మూడు నిమిషాల్లో సర్దుకుంటాయి. అన్నిటికన్నా నిశ్శబ్దమైన పాట రెండో అంకం చివర్లో, ముగింపు హడావుడికి కాస్త ముందు పెట్టండి. నేను చెప్పిన 1978 షోలో "బ్లాక్ అండ్ బ్లూ" ఆ చోటే వస్తుంది, అప్పటిదాకా ఎగిరి గంతులేసిన ఐదుగురూ కదలకుండా కూర్చుని కలిసి పాడతారు.

పాత రికార్డు ఎలా ఉందో అలాగే దింపాలని చూడకండి. అవి మూడు నిమిషాలకి ముగిసింది ఏదో కళాత్మక నిర్ణయం వల్ల అనుకుంటారుగానీ, 10 అంగుళాల 78 ఆర్‌పీఎం డిస్కులో ఒక పక్కకి పట్టేది అంతే. డాన్స్ హాళ్లలో అదే పాటని వాళ్లు చాలాసేపు సాగదీసేవాళ్లు.

అలాగని మీరు సాగదీస్తే కొంప మునుగుతుంది, ఈ లెక్క చూడండి. 32 బార్లంటే 128 దెబ్బలు. 160 వేగంలో ఒక్క చుట్టు (కోరస్ అంటారు) 48 సెకన్లు. అదే 64 వేగంలో ఒక్క చుట్టు రెండు నిమిషాలు! నెమ్మది పాటని గాయని ఒకసారి పాడి, శాక్సోఫోన్ ఒకసారి వాయించి, మళ్లీ గాయని మొత్తం పాడితే ఆరు నిమిషాలు, ఆ మధ్య రెండు నిమిషాలు ఆవిడ ఎక్కడ చూడాలో తెలీక మైకు స్టాండు పట్టుకుని నిలబడుతుంది. కాబట్టి నెమ్మది పాటల్లో సోలో సగం చుట్టే, అంటే రెండు ఎలు శాక్సోఫోన్‌కిచ్చి గాయని బ్రిడ్జి దగ్గర తిరిగి అందుకోవాలి. జాజ్ వాళ్లకి ఇది కొత్తేమీ కాదు, కచేరీల్లో రోజూ చేసేదే. వేగం పాటల్లో ఒక చుట్టు పూర్తిగా ఇవ్వచ్చు, లేదా వాద్యాలు నాలుగేసి బార్లు పంచుకుని ఒకరికొకరు సవాలు విసురుకోవచ్చు, స్టేజి మీద అది మంచి గొడవలాగా కనిపిస్తుంది. సోలోలో ఏం వాయిస్తారో వాళ్ల ఇష్టం, ఎన్ని బార్లు వాయిస్తారో మాత్రం మీ ఇష్టం. ఈ ఒప్పందం మొదటిరోజే చేసుకోండి. మా దగ్గర ఒకాయన మంచి ఊపులో నాలుగు చుట్లు వాయించేశాడు, జనం చప్పట్లు కొట్టారు, పాపం ఆ తర్వాత ఏడవాల్సిన గాయనికి ఏడుపు రాలేదు.

శ్రుతి విషయంలో రికార్డులో ఉన్నదీ, పుస్తకంలో ఉన్నదీ పట్టించుకోవక్కర్లేదు. పాడే మనిషి మొదటి ఎని మాట్లాడినంత తేలిగ్గా పాడగలగాలి, ఎక్కువ పాటల్లో పైస్వరం బ్రిడ్జిలోనే ఉంటుంది కాబట్టి ఆ స్వరం దగ్గర కాస్త కష్టపడాలి, ఈ రెండూ కుదిరే చోట శ్రుతి పెట్టండి. ఊదే వాద్యాల వాళ్లకి బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ లాంటివి సుఖం, గిటార్‌కి హాయిగా ఉండే ఇ, ఎ శ్రుతులు వాళ్లకి చిరాకు, కాబట్టి అర మెట్టు అటూఇటూ జరిపితే అందరికీ బాగుంటుందేమో చూసుకోండి. ట్రంపెట్, టెనార్ శాక్సోఫోన్ బి ఫ్లాట్ వాద్యాలు, ఆల్టో ఈ ఫ్లాట్ వాద్యం, ఒక్కొక్కరికీ వాళ్ల శ్రుతికి మార్చిన కాగితం విడిగా ఇవ్వాలి. శ్రుతులన్నీ ఖాయం కాకుండా కాగితాలు రాయించుకోకండి, రెండుసార్లు పని.

బ్యాండుని స్టేజి ముందుండే గోతిలో దాచకండి

కనీసం పియానో, బేస్, డ్రమ్స్. ఇంకో ముగ్గురు దొరికితే ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్ కూడా పట్టుకోగల శాక్సోఫోన్ మనిషి. ఆరుగురు చాలు, ఊదేవాళ్లు ముగ్గురు కలిస్తే బిగ్ బ్యాండ్ భ్రమ వచ్చేస్తుంది. వాళ్లని స్టేజి మీద కనబడేట్టు కూర్చోబెట్టండి, బట్టలు కూడా షోకి తగ్గట్టు వేయించండి, ఎందుకంటే ఈ సంగీతంలో వాద్యం జవాబు చెప్తుంది. డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండులో బబ్బర్ మైలీ ట్రంపెట్‌తో, ట్రికీ శామ్ నాంటన్ ట్రాంబోన్‌తో మనిషి గొంతులాగా గుర్రుమనేవాళ్లు, మూలిగేవాళ్లు. దానికి వాడేది ప్లంబర్లు సింకు బాగుచేసే రబ్బరు కప్పే, కర్ర పీకేసి. గాయని ఒక లైను గొప్పలు పోతే ట్రాంబోన్ వెనకనుంచి "ఆహా, అలాగా" అన్నట్టు ఒక కూత కూసిందనుకోండి, మీరు డైలాగ్ రాసే పని తగ్గింది.

పియానో దగ్గర కూర్చున్న మనిషే బ్యాండుని నడిపితే మేలు. డైలాగ్ జరుగుతుంటే కింద వాయించడానికి "వ్యాంప్" పెట్టుకోండి, రెండో నాలుగో బార్లు మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉంటారు, ఫలానా మాట వినపడగానే ఆ చుట్టు పూర్తిచేసి పాటలోకి దూకుతారు. ఆ ఫలానా సైగ ఎప్పుడూ మాటే అయ్యుండాలి, చెయ్యి ఊపడమో గ్లాసు పెట్టడమో పెట్టుకుంటే ఒకరోజు గ్లాసు ఆలస్యంగా పెడతారు, అంతే సంగతులు.

చిన్న హాల్లో డ్రమ్స్ శబ్దంతో పెద్ద తంటా. అద్దాల అడ్డం పెట్టే ముందు డ్రమ్మర్ చేతికి బ్రష్షులివ్వండి, సన్న కర్రలివ్వండి, చిన్న సైజు డ్రమ్ములు తెమ్మనండి. మాటలు వినపడకపోతే షోయే లేదు.

పాడేవాళ్లకి

స్వింగ్ అంటే ఒక దెబ్బలోని రెండు సగాలు సమానంగా ఉండకపోవడం, మొదటిది కాస్త పొడుగు, రెండోది పొట్టి. ఎంత పొడుగన్నది వేగం బట్టి మారుతుంది, వేగం పెరిగేకొద్దీ రెండూ సమానానికి దగ్గరవుతాయి. ఒకే కొలత అన్ని పాటలకీ వాడితే గుర్రపు డెక్కల చప్పుడులా ఉంటుంది. చిటికె రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ వెయ్యాలి, ఒకటికీ మూడుకీ వేస్తే బ్యాండు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సాధన ఇలా: మెట్రోనోమ్‌ని (టిక్కుటిక్కుమని లయ కొట్టే యంత్రం) సగం వేగంలో పెట్టి, ఆ టిక్కులే రెండూ నాలుగూ అనుకుని పాడాలి. మొదటి వారం నరకం, రెండో వారానికి ఒంట్లోకి దిగుతుంది.

బిల్లీ హాలిడేలాగా దెబ్బ వెనక జారి పాడటం అందరికీ ఇష్టమే. అందులో ఉన్న ప్రమాదం గాయనిది కాదు, బ్యాండుది. ఆవిడ వెనక్కి జారుతుంటే పాపం అని బ్యాండు కూడా ఆగుతుంది, నాలుగు లైన్లకి పాట శవయాత్ర అయిపోతుంది. బేస్ వాయించే మనిషికి గట్టిగా చెప్పండి: ఆవిడ ఎక్కడికైనా పోనీ, నువ్వు మాత్రం ఆగకు. బేస్ కదలకుండా ఉంటేనే ఆవిడ జారడం అందంగా వినపడుతుంది.

స్కాట్, అంటే అర్థంలేని పలుకులతో పాడటం, పొదుపుగా వాడండి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1926 రికార్డు తర్వాత దానికి పేరొచ్చింది, గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ దాన్ని వాద్యమంత చేసింది, మనవాళ్లేమో గొంతు చూపించుకోవడానికి వాడతారు. షోలో దానికి కారణం ఉండాలి: పాత్ర దగ్గర మాటలు అయిపోయాయి, లేదా ఆ మాట పైకి అనలేదు, అప్పుడు స్కాట్ రావాలి. మొదలయ్యే స్వరం, ముగిసే స్వరం ఖాయం చేసి మధ్యలో వదిలేయండి.

డాన్స్ గురించి తక్కువే చెప్తాను, డాన్స్ మాస్టర్ నాకన్నా బాగా చెప్తారు. ట్యాప్ (బూట్ల చప్పుడుతో తాళం వేసే డాన్స్) ఉంటే చెక్క నేల కావాలి, సిమెంటు మీద నేరుగా వేస్తే మోకాళ్లు పోతాయి, కాళ్ల చప్పుడు వినపడటానికి నేల దగ్గర మైకులు కావాలి. ఇక గొడవలన్నీ లెక్క దగ్గరే వస్తాయి. డాన్సర్లు ఎనిమిదులు లెక్కపెడతారు, వాద్యాల వాళ్లు బార్లు, ఒక ఎనిమిది అంటే రెండు బార్లు, 32 బార్ల చుట్టుకి పదహారు ఎనిమిదులు. వేగం పాటల్లో బ్యాండు బారుకి రెండే దెబ్బలు లెక్కపెడుతుంది, అప్పుడు అదే ఎనిమిది నాలుగు బార్లవుతుంది. మొదటి ఉమ్మడి రిహార్సల్లో "బ్రిడ్జి నుంచి" అంటే ఒకరు ఒకచోటి నుంచి, ఇంకొకరు ఇంకోచోటి నుంచి మొదలుపెట్టకుండా ఈ మాట ముందే తేల్చుకోండి.

ఎవరి పాటలు ఇవి

సెట్టు అంటే అందరికీ మెరుపుల నైట్ క్లబ్బే గుర్తొస్తుంది. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెమ్‌లో ఉన్న కాటన్ క్లబ్‌లో 1927 డిసెంబర్ నుంచి ఎల్లింగ్టన్ బ్యాండు వాయించింది, స్టేజి మీద నల్లవాళ్లు, కింద కూర్చునేది తెల్లవాళ్లే, అదీ అక్కడి రూలు. మీరు ఆ దీపాలూ ఆ ఈకలూ తెచ్చుకుంటే ఆ రూలు కూడా మీ స్టేజి మీదకి వస్తుంది. ఉపన్యాసం వద్దు, ఒక్క దృశ్యంలో చూపించవచ్చు: చప్పట్లు అయిపోయాక పాడిన మనిషి ముందు తలుపు వైపు వెళ్లబోయి, ఆగి, వెనక తలుపు వైపు తిరగడం, అంతే. ఇక మీ బృందంలో నల్లజాతివాళ్లు లేకపోతే వాళ్ల యాసని అనుకరించడం, మొహానికి రంగు పూసుకోవడం లాంటివి చర్చకి కూడా పెట్టకండి. మీ గొంతుతో, మీ మాటతీరులో పాడండి. పాత పాటల్లో కొన్నిటి మాటలు ఇప్పుడు వింటే ఒళ్లు జలదరించేలా ఉంటాయి, వాటిని మార్చడం కన్నా వేరే పాట వెతుక్కోవడం నయం, పాటలకేమీ కరువు లేదు.

రిహార్సల్స్

ఆరు వారాలుంటే మొదటి రెండూ పాటలకే, పియానోతో. పాడటం మొదలుపెట్టేముందు ప్రతివాళ్లూ తమ పాటని ట్యూను లేకుండా మామూలు మాటల్లా గట్టిగా చదవాలి. ఎదురుగా ఇంకొకర్ని కూర్చోబెట్టి వాళ్లకి చెప్తున్నట్టు చదివితే ఇంకా మంచిది. మూడోసారి వచ్చే ఆ లైను దగ్గర వాళ్ల గొంతు ఎలా మారిందో రాసి పెట్టుకోండి, తర్వాత ట్యూను మోజులో పడి అది మర్చిపోతారు, అప్పుడు చూపించాలి. మూడు, నాలుగు వారాలు స్టేజి మీద కదలికలకి. బేస్, డ్రమ్స్ వీలైనంత తొందరగా, నాలుగో వారానికల్లా రావాలి, పియానో ఒక్కదానితో నేర్చుకున్న స్వింగ్ డ్రమ్స్ రాగానే తలకిందులవుతుంది. మొత్తం బ్యాండుతో కూర్చుని పాడుకునే రిహార్సల్‌ని సిట్స్‌ప్రోబ అంటారు, కదలికలేవీ ఉండవు, వినడమే, దానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. అది అయ్యేసరికి సగంమంది కళ్లలో నీళ్లుంటాయి, నాకు షో కన్నా ఆ పూటే ఇష్టం.

పాటల మధ్య మాటలు ఆ తర్వాత కత్తిరించండి. రాసినప్పుడు అవసరం అనిపించిన పరిచయాలు, జోకులు, "1932లో అప్పుడు..." అని మొదలయ్యే వాక్యాలు బ్యాండుతో కలిపి చూసేసరికి అడ్డంగా కనిపిస్తాయి. మూడు వాక్యాలున్నచోట ఒకటి, ఒకటున్నచోట చూపు.

వరసగా ఆపకుండా వేసే రిహార్సల్లో ఎవరైనా ఒకరు వాచీ పట్టుకుని ఒక్కో పాట ఎంతసేపు పట్టిందీ, ఆ తర్వాత చప్పట్లకి ఎంతసేపు వదలాలీ రాసుకోవాలి. ప్రతి పాటకీ చప్పట్లు రావాలని ఆశపడకండి, కొన్ని పాటలు ముగిసీ ముగియకముందే తర్వాతిదాని బేస్ మొదలైపోవాలి, లేకపోతే ఇరవైసార్లు ఆగి ఇరవైసార్లు బండి స్టార్ట్ చేసినట్టుంటుంది. అందరూ వంగి దణ్ణాలు పెట్టి వెళ్లిపోయాక బ్యాండు ఇంకో చుట్టు వాయించాలి, హాల్లో లైట్లు వేసేవాళ్లకి ఆ చుట్టు సగం అయ్యేదాకా స్విచ్ మీద చెయ్యి వేయొద్దని ముందే చెప్పి పెట్టుకోండి.